పదమూడో ఫారం

చిలక చదవడం ముగించేసరికి క్లాసులో ఎవరూ కదల్లేదు. బాగా రాసినప్పుడు కూడా క్లాసు అలాగే బిగుసుకుపోతుంది, కొంప మునిగినప్పుడూ అలాగే బిగుసుకుపోతుంది. ఆ పిల్ల, పాపం, మొదటిదే అనుకుంది. కాగితాలు సర్దుకుంటూ మెచ్చుకోలు కోసం మేడమ్ మొహంలోకి చూసింది.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే ఎవరికో మూడిందన్నమాటే. ఆ సంగతి రెండో సంవత్సరం పిల్లలందరికీ తెలుసు.

"ఏ నవల చదివావమ్మా నువ్వు?" అంది.

"మీరిచ్చిన జాబితాలోదే మేడమ్. రైలు గేటు కాపలాదారు కూతురి కథ."

"నేనూ అదే చదివాను, ఇప్పటికి పదిసార్లు. అందులో ఆ పిల్ల ముందు తండ్రిని చూసి ఎవరో మా వైపు మనిషి అంటుంది, తర్వాత బుద్ధి తెచ్చుకుని ఇంటికి వెళ్తుంది. నువ్వేమో ముందు ఇంటికి పంపించి, ఆ తర్వాత ఎవరో అనిపించావు. పైగా రచయిత వాక్యాల్ని సగంలో తెంపేశాడనీ, ఆ తెంపడం ఎంతో గొప్పగా ఉందనీ అరపేజీ రాశావు. ఏదీ, ఆ నవలలో తెగిన వాక్యం ఒక్కటి చూపించు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. చిలక పక్కన కూర్చునే రింగుల జుట్టు స్నేహితురాలు లైబ్రరీలో ఉన్న రెండో కాపీ చదివింది. "నేను చదివిన దాంట్లో కూడా మేడమ్ చెప్పినట్టే ఉందే," అని గొణిగింది. కావాలని అనలేదు, నోరు జారింది. జారితే జారింది గానీ, చిలక పని అయిపోయింది.

చిలక అన్నది కాలేజీ రిజిస్టరులో పేరు కాదు. రిజిస్టరులో ఉన్న పేరుతో మనకి పనిలేదు. అక్షరాలు వచ్చిన రోజునుంచీ కంటబడ్డ ప్రతిదీ పైకి చదివి వినిపిస్తుంటే వాళ్ళ నాన్న పెట్టిన పేరది. ఇంట్లో తప్ప బయట ఎవరికీ తెలీదు. బయట తెలియకుండా ఆ పిల్ల దాచుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి, వస్తున్నా అక్కడికే.

మేడమ్ ఇచ్చిన పని ఏమిటంటే, ఒక నవల చదవాలి. అందులో తమని తాము వెతుక్కోవాలి. ఇల్లు, మాట, అలవాట్లు, పెరిగిన సంస్కృతి, ఇవన్నీ కలిసి తమని ఎవరిగా తయారుచేశాయో నాలుగు పేజీల్లో రాసి అందరి ముందూ చదవాలి. మామూలుగా అయితే పిల్లలు ఇలాంటివాటికి నాలుగు పెద్దమాటలు పోగేసి గట్టెక్కేస్తారు. చిలక అలా చెయ్యలేదు. మూడు రాత్రుళ్ళు తిండి సయించక, రాసింది కొట్టేస్తూ, కొట్టేసింది మళ్ళీ రాస్తూ పూర్తిచేసింది. "తిరిగి వెళ్ళినంత మాత్రాన సిగ్గు పోదు. ఆ అమ్మాయి తండ్రి పక్కన కూర్చుని నవ్వింది, ఆయన కంచంలో తింది, ఆయన పచ్చజెండా పట్టుకుంది. అన్నీ అయ్యాక మళ్ళీ పట్నం వచ్చి, హాస్టలు గుమ్మంలో మూటతో నిలబడ్డ అదే తండ్రిని 'ఎవరో మా వైపు మనిషి' అంది. ప్రేమ లేక కాదు. ప్రేమ ఒక గదిలో, సిగ్గు ఒక గదిలో కాపురం ఉంటాయి. మధ్యలో తలుపు ఉండదు." ఇదీ ఆ పిల్ల రాసింది. ఏమాటకామాట చెప్పుకోవాలి, బాగానే రాసింది.

"రేపు పదకొండింటికి నువ్వు చదివిన పుస్తకం పట్టుకుని నా గదికి రా," అంది మేడమ్. "అందులో అలా ఉందని చూపిస్తే సరే. లేదూ, నీ పేరు కమిటీకి వెళ్తుంది. పోయినేడు ఇద్దరిని కోర్సులోంచి తీసేశారు, గుర్తుందిగా. చదవని పుస్తకం మీద ఇంత బాధ నటించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది."

నటించానా అని చిలకకి ఏడుపు తన్నుకొచ్చింది. అందరి ముందూ పుస్తకం తీసి చూపించే ధైర్యం లేక, క్లాసు అవగానే ఒక్క పరుగున మెట్ల మలుపు దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి నవల తీసి ఒళ్ళో పెట్టుకుంది. లైబ్రరీ ముద్ర ఉన్న పాత పుస్తకం, కొత్త బైండు. గబగబా తిప్పింది. ఉంది. తను చెప్పినట్టే ఉంది. ముందు ఇల్లు, తర్వాత హాస్టలు గుమ్మం. అమ్మయ్య అనుకుని, సగంలో తెగిన వాక్యం దగ్గర వేలు పెట్టింది. "ఆమె తండ్రి చేతిలో జెండాని" అని ఒక పేజీ ఆగిపోయింది. పక్క పేజీ "లేదని హాస్టలు వార్డెను తలుపు వేసింది" అని మొదలైంది.

వేలు అక్కడే ఆగింది.

ఎందుకంటే, తను ఎవరి కూతురో ఆ పిల్లకి అప్పుడు గుర్తొచ్చింది.

పుస్తకం అనేది ఒక్కో కాగితం తెచ్చి అతికించింది కాదు. పెద్ద కాగితాన్ని మడతపెడితే పదహారు పేజీల బొత్తి వస్తుంది, దాన్ని ఫారం అంటారు. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది. ఆ అంకెల వరసలో ఫారాలు పేర్చి, మడతలో దారం పోసి కుడితే పుస్తకం అవుతుంది. వరస తప్పితే కథే తప్పుతుంది. చిలక మడతలో దారం ఎక్కడ కనబడుతుందో చూసుకుంటూ, గోటితో ఫారాలు లెక్కపెట్టింది. పదకొండు దాకా బాగానే ఉంది. ఆ తర్వాత వాక్యాలు కలిపి చూస్తే పదమూడో ఫారం ముందొచ్చింది, పన్నెండోది వెనకబడింది. ముప్ఫయ్‌రెండు పేజీలు తారుమారు.

పేజీ నంబర్లు చూస్తే తెలిసేది కదా అనొచ్చు. ఆ పుస్తకానికి పేజీ నంబర్లు అడుగున ఉండేవి. చెమ్మ పట్టి అడుగుభాగం పొడిపొడిగా రాలిపోతుంటే, కుట్టిన తర్వాత కటింగు మిషన్లో పెట్టి వేలి మందం మేర కోసేశారు. పేజీ నంబర్లూ, ఫారం అంకెలూ ఆ కోతలో పోయాయి. ఆ కోసిందెవరో, కుట్టిందెవరో చిలకకి బాగా తెలుసు. వాళ్ళ నాన్న. పేర్చిందెవరో ఇంకా బాగా తెలుసు.

తనే.

రెండు నెలల క్రితం ఒక సాయంత్రం, స్నేహితురాళ్ళతో బయటికి వెళ్ళాలన్న తొందరలో, చెప్పులు వేసుకుని నిలబడే, కాళ్ళు టకటకలాడిస్తూ పేర్చేసింది. "సరిచూశావా?" అని నాన్న అడిగితే "చూశాను నాన్నా" అంది. చూడలేదు. అదే పుస్తకం రెండు నెలలకి మేడమ్ జాబితాలో కనపడితే, మా నాన్న బైండు చేసిందే అని మురిసిపోయి మరీ ఇంటికి తెచ్చుకుంది. వాక్యం తెగిన చోట బైండరు కూతురు ఎవరైనా ముందు కుట్టు చూస్తుంది. ఈ మహాతల్లి రచయిత గొప్పతనం చూసింది. కాలేజీలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ బైండరు కూతుర్ని అన్న సంగతి మర్చిపోవడానికే కదా తిప్పలు పడింది, బాగానే మర్చిపోయింది.

వాళ్ళ నాన్న గురించి నాలుగు మాటలు చెప్పాలి. కాలేజీ లైబ్రరీ కింద, మెట్లు దిగి వెళ్తే, కిటికీ నేలబారున ఉండే గది ఒకటుంది. అందులో ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆయన బైండింగు చేస్తున్నాడు. మేనమామ దగ్గర పని నేర్చుకున్నాడు. దారానికి మైనం రాయడం దగ్గర్నుంచి అట్టకి గుడ్డ బిగించడం దాకా ఆయన చేతికి తెలియని పని లేదు. ఆయన కుట్టిన పుస్తకం ఊడిందని ఇంతవరకూ ఎవరూ తిరిగి తేలేదు. చదివే అలవాటు మాత్రం లేదు. "నేను పుస్తకాల వెన్ను చూసేవాణ్ణి, మొహం చూసేవాణ్ణి కాదు" అంటాడు. ఒంటికి ఎప్పుడూ పిండి జిగురు వాసన. అందుకని కుర్రకారు జిగురు తాత అని పేరు పెట్టారు.

చిలక కాలేజీలో చేరిన మొదటి వారం, వరండాలో ఆయన పుస్తకాల బండి తోసుకుంటూ ఎదురొచ్చాడు. రింగులమ్మాయి ముక్కు మూసుకుని, "జిగురు తాత వచ్చాడు, జరగండే, అంటుకుంటారు," అంది. అందరూ నవ్వారు. చిలకా నవ్వింది. నవ్వి, నేలచూపులు చూసుకుంటూ ఆయన్ని దాటి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నాన్నా, కాలేజీలో మనం..." అని నీళ్ళు నమిలింది. ఆయన దారం కొరుకుతూ, "నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. అంతేగా? సరే," అన్నాడు. అడగడం పూర్తవకముందే ఇచ్చేశాడు. అప్పట్లో చిలకకి హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ ఆ పిల్లకి తల ఎత్తబుద్ధి కాదు. ఆ నాలుగు పేజీల్లో రాసిన సిగ్గు ఏ నవలలోంచి వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. ఏడాదిగా ఆయనకి చూపు తగ్గిపోతోంది. మనుషులు మసకలో నీడల్లా కనపడతారు, అక్షరాలు బొత్తిగా కనపడవు. ఈ సంగతి చిలకకీ, వాళ్ళమ్మకీ తప్ప ఎవరికీ తెలీదు. కుట్టు చేతివేళ్ళతో నడిచిపోతోంది. అంకె చూసి ఫారాలు పేర్చడం మాత్రం వేళ్ళవల్ల అయ్యే పని కాదు. బైండింగుకి వచ్చిన పుస్తకం గది గడప దాటకూడదని నియమం ఉన్నా, విప్పిన ఫారాల్ని అన్నం క్యారేజీ సంచిలో దాచి ఇంటికి తెస్తాడు. చిలక పేర్చి ఇస్తే పొద్దున్నే పట్టుకెళ్ళి కుడతాడు. అయినా రెండు తప్పులు జరిగాయి. ఒక అట్లాసుకి అట్ట తలకిందులుగా పడింది. ఒక పత్రికల బొత్తిలో విషయసూచిక మధ్యలోకి వెళ్ళింది. లైబ్రేరియన్ చెడ్డవాడేం కాదు, చండశాసనుడు, అంతే. రెండోసారి పిలిచి, "పెద్దవాడివని ఊరుకుంటున్నాను. మూడోది నా కంటబడితే ఇక నీకు పని లేదు. బయటివాళ్ళకి ఇచ్చేస్తాను," అన్నాడు.

మూడోది ఇప్పుడు చిలక ఒళ్ళో ఉంది.

పుస్తకం మేడమ్‌కి చూపిస్తే చిలక మాట నిజమవుతుంది, నాన్న పని పోతుంది. పుస్తకాన్ని నాన్నకిచ్చి విప్పించి మళ్ళీ కుట్టిస్తే నాన్న పని నిలబడుతుంది, అప్పుడు చిలక దొంగ అవుతుంది. పోనీ నాన్నకి చెప్పేస్తే? చెప్పిన మరుక్షణం ఆయన చెప్పులు వేసుకుని లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి, తప్పు నాదే బాబూ అని నిలబడతాడు. ఆయన సంగతి తెలియదూ?

సాయంత్రం ఇంట్లో అమ్మ, ఆస్పత్రిలో దుప్పట్లు మడతపెట్టే పని ముగించుకొచ్చి, నడుం వాల్చకుండానే కూతురి మొహం చూసింది. "ఏంటే, అలా వేలాడేసుకున్నావు?" అంది. తలనొప్పి అంది చిలక. "పుస్తకాలు తగ్గించు," అంది అమ్మ. "ఇంట్లో ఒకరి కళ్ళు పోయింది చాలు."

నాన్న క్యారేజీ సంచిలోంచి కొత్త బొత్తి తీసి చాపమీద పెట్టాడు. ఏదో వ్యవసాయం పుస్తకం, ఇరవై రెండు ఫారాలు. చిలక కూర్చుంది. ఒకటో అంకె చూసి పెట్టింది, తీసి మళ్ళీ చూసింది, పెట్టింది. రెండోదీ అంతే. ఎప్పుడూ పది నిమిషాల్లో అయ్యే పనికి ముప్పావుగంట పట్టింది.

"ఇవాళ చిలక పలకడం లేదేంటి?" అన్నాడు నాన్న. ఫారం పెట్టినప్పుడల్లా అంకె పైకి చదవడం వాళ్ళ అలవాటు.

"తొమ్మిది," అంది చిలక. "పది. పదకొండు."

"లైబ్రరీ సారు ఇవాళ గదిలోకి వచ్చాడు. కిందా మీదా చూశాడు. నేను వంచిన తల ఎత్తకుండా జిగురు కలుపుతూనే ఉన్నాను. కాసేపు నిలబడి పోయాడు. నా అదృష్టం, ఏదీ చదవమనలేదు." నవ్వాడు నాన్న. "ఇంకో ఏడాదిన్నర ఎలాగోలా లాక్కొస్తే నీ చదువు అయిపోతుంది. ఆ తర్వాత వాళ్ళు పొమ్మనేదేంటి, నేనే పోతాను."

"ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోవచ్చుగా నాన్నా."

"చూపించుకుంటే కాగితం రాసిస్తాడు. కాగితం ఉంటే ఎవరో ఒకరు చదువుతారు. పన్నెండు పెట్టావా?"

చిలక పన్నెండో ఫారాన్ని చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాలుక చివరిదాకా వచ్చింది మాట. చెప్పేస్తే బరువు దిగేది. ఆయన మాత్రం అటెటో గోడవైపు చూస్తూ, చెవి ఇటు పెట్టి, అంకె కోసం ఎదురుచూస్తున్నాడు. "పన్నెండు," అంది. "పదమూడు" అన్నప్పుడు ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అప్పటికి ఒక నిశ్చయానికి వచ్చేసింది.

పొద్దున్నే అందరికంటే ముందు లైబ్రరీకి వెళ్ళి, నవల తిరిగి ఇచ్చినట్టు రాయించింది. బండిలో వెయ్యకుండా తనే అరలో పెడతానని తీసుకుని, గణితం అరల్లో, ఎవరూ ముట్టని లావు పుస్తకాల వెనక్కి తోసేసింది. పదకొండింటికి ఒట్టి చేతులతో మేడమ్ గదికి వెళ్ళింది.

"పుస్తకం ఏదీ?"

"నేను చదవలేదు మేడమ్. ఎవరో కథ చెబితే విని, మిగతాది కల్పించి రాశాను." ఇంట్లో అద్దం ముందు పదిసార్లు అనుకుని వచ్చిన మాటలవి. తడబడకుండానే అప్పజెప్పింది.

మేడమ్ చిలక రాసిన నాలుగు కాగితాలూ తీసి, మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. చదువుతున్నంతసేపూ చిలక గోడగడియారం వంక చూస్తూ నిలబడింది. కమిటీ, కోర్సులోంచి తీసివేత, ఇంట్లో ఏం చెప్పాలి, అన్నీ బుర్రలో తిరుగుతున్నాయి. అయినా సరే, నాన్న ఇప్పుడు కింద గదిలో జిగురు కలుపుతూ ఉంటాడన్న ధైర్యం ఒక్కటుంది.

"చదవనివాళ్ళు తక్కువ రాస్తారమ్మా, ఎక్కువ రాయరు," అంది మేడమ్ చివరికి. "ముప్ఫయ్యేళ్ళుగా ఇవే దిద్దుతున్నాను. వార్డెను లాంతరు సంగతి రాశావు. అది నవలలో ఒకే ఒక్క చోట, ఒకే వాక్యంలో వస్తుంది. వినికిడి కథల్లో లాంతర్లు ఉండవు. నిన్న నీమీద నాకు కోపం వచ్చింది, ఒప్పుకుంటాను. ఇవాళ అనుమానం వస్తోంది. దొంగతనం చేసినవాళ్ళు చెయ్యలేదంటారు. నువ్వు చెయ్యనిదాన్ని చేశానంటున్నావు. పద లైబ్రరీకి."

"వద్దు మేడమ్."

"పద."

ఆ 'వద్దు' అనకపోయినా బాగుండేది. మెట్లు దిగుతూ చిలక, గణితం అరలో ఎవరు వెతుకుతారులే అని తనకి తనే ధైర్యం చెప్పుకుంటోంది గానీ, లైబ్రేరియన్ సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా అనుకోరు. ఆయనకి ఏ అరలో ఏ పుస్తకం ఎన్ని వేళ్ళ మందమో తెలుసు. రిజిస్టరు చూసి, పొద్దున్నే తిరిగొచ్చిందన్నాడు. నవలల అరలో లేదని చూశాడు. పొద్దున ఈ అమ్మాయి గణితం వైపునుంచి రావడం చూశానని చెప్పి, ఏమాత్రం తొణక్కుండా అటే నడిచి, మూడు నిమిషాల్లో పుస్తకం దుమ్ము దులుపుకుంటూ తెచ్చి తన గదిలో బల్లమీద పెట్టాడు.

మేడమ్ పేజీలు తిప్పింది. జెండా దగ్గర ఆగింది. వార్డెను దగ్గర ఆగింది. లోపలినుంచి ఒక నిట్టూర్పు వచ్చింది ఆవిడకి. "నువ్వు రాసింది రాసినట్టే ఉంది కదమ్మా," అంది. గొంతు మెత్తబడింది. "నేనే పొరపాటు పడ్డాను. ఇది చూపిస్తే అయిపోయేదానికి, ఎందుకు దాచావు?"

లైబ్రేరియన్‌కి మాత్రం మేడమ్ మాటలతో పనిలేదు. ఆయన పుస్తకం లాక్కుని, వెన్ను విరిచి, వాక్యాలు కలుస్తున్నాయో లేదో చూస్తూ ఫారాలు లెక్కపెట్టాడు. పదమూడు దగ్గర ఆయన పెదవులు బిగుసుకున్నాయి. అటెండరుని పిలిచి, "కిందనుంచి బైండరుని పిలుచుకురా," అన్నాడు.

నాన్న వచ్చేలోగా మేడమ్ జరిగినదంతా లైబ్రేరియన్‌కి చెప్పింది. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. చిలక తలుపు పక్కన, బీరువాకి ఆనుకుని నిలబడింది. పారిపోదామా అనిపించింది. ఆయన అడుగులు వరండాలో వినిపించాయి. ఎప్పుడూ లెక్కపెట్టుకుని వేసే అడుగులు.

ఆయన గుమ్మం దాటి, చేతులు తుడుచుకుంటూ, బల్లముందు ఆగాడు. ఎదురుగా కిటికీ వెలుగు. వెలుగు ఎదురైతే ఆయనకి ఉన్న కాస్త చూపూ పోతుందని చిలకకి తెలుసు.

"ఇది నీ పనేనా?" అని లైబ్రేరియన్ పుస్తకం చేతిలో పెట్టాడు.

నాన్న పుస్తకాన్ని కళ్ళదగ్గరికి తీసుకెళ్ళలేదు. బొటనవేలితో వెన్ను పైనుంచి కిందికి తడిమాడు, ముడి దగ్గర ఆగాడు. "కుట్టు నాదేనండి."

"పన్నెండూ పదమూడూ తారుమారయ్యాయి. ఈ అమ్మాయి దీన్ని చదివి, తప్పుగా రాసి, మాట పడింది. పుస్తకం చూపిస్తే బయటపడేది. చూపించలేదు సరికదా, నా గణితం అరలో దాచింది, అసలు చదవనే లేదని అబద్ధం చెప్పింది. తన చదువు పోయినా ఫరవాలేదు, నీ తప్పు బయటికి రాకూడదని. ఎందుకో నువ్వేమన్నా చెప్పగలవా?"

నాన్న మొహంలో రక్తం దిగిపోవడం చిలక చూసింది. ఆయనకి అంతా ఒక్కసారే తెలిసిపోయింది. ఫారాలు, నిన్నటి తలనొప్పి, పెదవి దాటని అంకెలు.

"తప్పు నాదేనండి," అన్నాడు. "పేర్చింది నేను, కుట్టింది నేను. మీరు ముందే చెప్పారు, మూడోదైతే పొమ్మని. వెళ్ళిపోతాను."

"అది తర్వాత. ఈ అమ్మాయి నీకు ఏమవుతుంది?"

చిలక నోరు తెరిచింది. ఒక్క క్షణం, అంతే, ఆలస్యమైంది. అటెండరు తలుపులోంచి తొంగిచూస్తున్నాడు, వరండాలో రింగుల జుట్టు స్నేహితురాలి గొంతు వినిపిస్తోంది, ఇంకెవరెవరివో నవ్వులు. ఆ క్షణంలో తనకి ఏమనిపించిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో ఆ పిల్లకే తెలుసు. భయం నాన్న పని గురించి ఒక్కటే కాదు. అబద్ధం ఎందుకు, ఆ భయంలో కొంచెం పాత సిగ్గు కూడా ఉంది.

నాన్న ఆమె జవాబు కోసం ఆ క్షణం కూడా ఆగలేదు. కూతురు ఎక్కడ నిలబడిందో వెతుకుతున్నట్టు గదంతా ఒకసారి కలియజూశాడు. కిటికీ దగ్గర ఒక ఆడమనిషి నీడ కనపడింది. అటు తిరిగి, ఆ నీడకేసి చెయ్యి చూపించి, గట్టిగా, స్పష్టంగా చెప్పాడు.

"ఈ అమ్మాయి ఎవరో నాకు తెలీదండి. ఇంతకుముందు ఎప్పుడూ చూళ్ళేదు."

ఆయన చెయ్యి చూపించింది మేడమ్‌ని. నెరిసిన జుట్టుతో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న యాభై అయిదేళ్ళ మేడమ్‌ని. ముప్ఫయ్యేళ్ళుగా వారం వారం ఆయన చేతికి చిరిగిన పుస్తకాలిచ్చి, కుట్టినవి అందుకుంటున్న మనిషిని.

లైబ్రేరియన్ కుర్చీలోంచి సగం లేచి, అలాగే ఆగిపోయాడు. మేడమ్ చెయ్యి మెల్లగా నోటికి అడ్డం పెట్టుకుంది. తాను ఏం చేశాడో నాన్నకి ఒక్కడికే తెలీదు. చెయ్యి ఇంకా అలాగే చాపి, తన మాట నమ్మారో లేదో అని చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దం ఆయనకి అర్థం కాలేదు. "నిజమండి," అని ఇంకోసారి అన్నాడు, ఈసారి కాస్త బతిమాలుతున్నట్టు. "కావాలంటే ఆ అమ్మాయినే అడగండి."

చిలక బీరువా వదిలింది. గది దాటడానికి నాలుగడుగులు. వెళ్ళి, గాలిలో చాపి ఉన్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది. పిండి జిగురు ఇంకా ఆరలేదు, చేతులకి అంటుకుంది.

"ఆయన మా నాన్నండీ," అంది లైబ్రేరియన్‌తో. గొంతు తగ్గించలేదు, వరండాలోకి వినపడితే వినపడనీ అనుకుంది. "ఆ ఫారాలు పేర్చింది నేను. తొందరలో సరిచూడలేదు. ఆయనకి ఏడాదిగా అక్షరాలు కనపడవు. అన్నీ నేనే పేరుస్తున్నాను."

వరండాలో నవ్వులు ఆగిపోయాయి. నాన్న చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. "ఎందుకమ్మా చెప్పావు?" అని మేడమ్ వైపే చూస్తూ, కోపంగా, లోగొంతుకతో అన్నాడు. "నేను చెప్పేశానుగా. సరిపోయేదిగా. అంతా పోయింది ఇప్పుడు."

పోయిందో లేదో లైబ్రేరియన్ ఇంకా ఏమీ అనలేదు. పోయేలాగే ఉంది. ఆ సంగతి చిలకకి తెలుసు, అయినా చెయ్యి వదల్లేదు.

"నాన్నా," అంది. "నేను ఇటున్నాను. ఇటు చూడు."